మసిలిన గంగాళం

ఆ పొద్దు మబ్బు చెట్ల తలల దాకా దిగింది గాని చినుకు రాల్చలేదు. వినాయకుణ్ణి నీళ్లలో వేసి వారం దాటిందేమో. తూర్పున వెలుగు పొడవాల్సిన చోట తడిసిన గోనెపట్టా రంగు పరుచుకుని ఉంది. పటాన్‌చెరు దిక్కు ఫ్యాక్టరీల పొగ పైకి పోయే తోవ దొరకక, మేతకు పోయిన గొడ్డు నడిదారిలో ఇంటికి మళ్లినట్టు మళ్లి, మొగులమ్మ ద్రాక్షపందిరి కింద దూరి పడుకుంది.

ఆ పొగలో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మొగులమ్మ రాతి కడీల మధ్య నడుస్తుంటే తలకు ఏదో తగిలింది. పండనుకుంది. పండ్ల కాలం కాదు గదా అని తలెత్తి చూసింది. పోయినేడు దసరాకు కత్తెర పడ్డ చోట, కొమ్మ మొదట్లో, నిమ్మకాయంత కంతి. పైన నల్లగా పెచ్చులు కట్టి ఉంది. గోటితో గీరితే లోపల తెల్లగా, లేతగా, పసిపిల్ల నోటి చిగురులా మెత్తగా ఉంది. పక్క తీగకు చూసింది. దానికీ ఉన్నాయి. ఒకదానికైతే మొదలు పొడుగునా దిగి మన్నును ముట్టాయి.

ఆమె ఎవరినీ పిలవలేదు. పిలిచే అలవాటు లేని మనిషి. తోటంతా తిరిగి వచ్చి, బావి గట్టు మీద కూచుని, చేతికంటిన బెరడు పొట్టు చాలాసేపు దులుపుకుంది.

ఆ తోట నాలుగెకరాలు. తండ్రి ఆమెకు పసుపుకుంకుమల కింద రాసిచ్చిన చెలక. ఆయనకు మగపిల్లలు లేరు గనుక మల్లయ్యను ఇల్లుటం తెచ్చుకున్నాడు. అల్లుడు నెమ్మదైనవాడు; ఎడ్లు చెప్పినట్టు విన్నాయి, మొగులమ్మ చెప్పినట్టు తాను విన్నాడు. ఇద్దరూ కలిసి రాతి కడీలు పాతి, ఇనుప తీగ లాగి, అనాబ్ ద్రాక్ష పెట్టారు. చుట్టూ ఉన్న చెలకలు మాత్రం నాలుగైదేండ్లలో చేతులు మారాయి. కొన్ని సర్కారు నోటీసు మీద, కొన్ని ఇష్టం మీద, కొన్ని ఇష్టంలా కనబడే భయం మీద. డెబ్బై ఎనిమిదో సంవత్సరం వచ్చేసరికి తోటకు మూడు పక్కలా గోడలు లేచాయి. ఒక గోడ వెనక కామేశ్వరరావు అనే కోస్తా దిక్కు ఆసామి ఇనుప పీపాలు చేసే షెడ్డు పెట్టాడు. ఆ గేటు దగ్గరే మల్లయ్య ఖాకీ అంగీ తొడుక్కుని కావలి ఉంటున్నాడు. షెడ్డు పెంచడానికి కామేశ్వరరావుకు ఆ నాలుగెకరాలు కావాలి. ఆ సంగతి మల్లయ్య చేత రెండుసార్లు చెప్పించాడు. మొగులమ్మ రెండుసార్లూ విననట్టే ఊరుకుంది. వేలిముద్ర వేయాల్సింది ఆమె. తోట కాస్తున్నంత కాలం ఆమెను అడగడానికి ఎవరికీ నోరు లేదు. కాయకపోతే ఉంటుంది.

రామచంద్రాపురం కాలనీలో త్రినాథరావు అని గోదావరి దిక్కు ఫిట్టరు ఒకాయన ఉండేవాడు. పెద్ద ప్లాంటులో పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. ఏటా పండ్ల కాలంలో సైకిలేసుకుని తోటకు వచ్చేవాడు. తక్కెడ తూగుతున్నంత సేపూ కూతురు నాగేశ్వరి గురించే చెప్పేవాడు: రాజేంద్రనగర్‌లో చదువుతోంది, కంటికి కనబడని జీవాల మీద పరిశోధన చేస్తోంది, పెళ్లి మాటెత్తితే గాజుగొట్టాలు చూపిస్తోంది అని. ఆ మాట ఇప్పుడు అక్కరకొచ్చింది. మొగులమ్మ ఒక కంతిని కోసి, గుడ్డలో మూటగట్టుకుని బస్సెక్కింది.

కాలనీ క్వార్టర్లో నాగేశ్వరి మూట విప్పింది. విప్పగానే ఆ పిల్ల మొహం వెలిగింది. మరుక్షణమే మొగులమ్మ వైపు చూసి ఆ వెలుగును తనే ఆర్పుకుంది. రెండింటినీ మొగులమ్మ చూసింది. దీన్ని గురించి ఈ పిల్లకు నిజంగానే ఎరుక అని అప్పుడే నమ్మింది.

ఆదివారం నాగేశ్వరి తోటకు వచ్చింది. మల్లయ్యకు ఆ పూట గేటు లేదు. పందిరి కింద కూచుని మోకుతాడు పేనుతున్నాడు. నాగేశ్వరి కంతులు తడిమి చూసి, ఒకటి కోసి గాజుగొట్టంలో వేసుకుని, గట్టు మీద కూచుంది.

"ఇది పురుగు కాదమ్మా. మట్టిలో ఉండే సూక్ష్మజీవి. తీగకి గాయమైన చోట దూరుతుంది."

"దూరి తింటదా?"

"తినదు. తీగ చేతే వండించుకుంటుంది."

ఆపైన ఆమె చెప్పింది మొగులమ్మ కదలకుండా విన్నది. జీవం ఉన్న ప్రతిదానిలోనూ సన్నని పోగు ఒకటి ఉంటుందట. ఎట్లా పెరగాలి, ఎక్కడ ఆగాలి, ఏ రంగు పువ్వు పూయాలి అన్నదంతా ఆ పోగులోనే ఉంటుందట. ఈ జీవికి తన పెద్ద పోగు కాక ఇంకొకటి, ఉంగరంలా గుండ్రంగా చుట్టుకున్నది ఉంది. దాన్ని ప్లాస్మిడ్ అంటారు. గాయం దొరికినప్పుడు ఆ ఉంగరంలోంచి ఒక ముక్క తీగలోకి పోయి తీగ సొంత పోగులో కుట్టుకుపోతుంది. అప్పటినుంచి తీగకు ఆ ముక్క చెప్పే మాట తన మాటే అనిపిస్తుంది. హద్దు లేకుండా కంతిగా పెరుగుతుంది. ఆ కంతిలో ఒక రకం తిండి తయారవుతుంది. అది తీగకు పనికిరాదు, ఆ జీవికే పనికొస్తుంది. ముక్క ఒకసారి లోపల కుదురుకున్నాక సూక్ష్మజీవిని చంపినా కంతి ఆగదు. ముక్క లోపలికి పోతున్నదన్న సంగతి విదేశాల్లో పోయిన ఏడే తేల్చారు.

మొగులమ్మ, "అంటే ఇల్లుటం వచ్చినట్టు" అన్నది. "అల్లుడు ఇంట్ల సొచ్చి, తనకు నచ్చిన కూర అత్త చేతనే వండిచ్చుకున్నట్టు."

మల్లయ్య తాడు మీంచి తల ఎత్తలేదు. "నేనొచ్చి ముప్పయ్యేండ్లాయె. ఒక్కనాడన్న నాకు నచ్చిన కూర వండినవా?"

నాగేశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగాక, ఇంకో సంగతి చెప్పాలా వద్దా అని ఒక్క నిమిషం చూసి, చెప్పింది. ఇటువంటి ఉంగరాలను కొన్నిచోట్ల తెంపి, మధ్యలో తమకు కావలసిన ముక్క అతికి, మళ్లీ గుండ్రంగా మూసి సూక్ష్మజీవిలోకి పంపుతున్నారట. అది ఆ ముక్క చెప్పినట్టే చేసి పెడుతోందట. చక్కెర రోగం మందును అట్లా చేయించారని మొన్ననే పేపర్లో పడిందట.

"ఉంగరం బండిలాంటిదమ్మా. కంతి దాని మీది బరువు. ఆ బరువు దించేసి మంచి సరుకు ఎక్కించామనుకోండి, తెగులు పట్టని గుణమో, ఎండకి ఆగే గుణమో, బండి దాన్ని కూడా అలాగే తీగలోకి తోలుకుపోతుంది. నేను చేద్దామనుకుంటున్న పని అదే."

"ఎన్నడైతది?"

"తెలీదండీ. నా జన్మలో అవుతుందో లేదో."

"నాకు దసరా కత్తిరింపు కల్లా కావాలె."

నాగేశ్వరి తల దించుకుంది. మందు లేదని చెప్పింది. కంతి మొదలు దాకా దిగిన తీగలను పీకి కాల్చేయాలి. కొమ్మకే ఉన్నవాటికి కంతికి చాలా కిందుగా కోసేయాలి. మిగిలినవాటిలో కొన్నింటికి లోలోపల అంటుకుని ఉండొచ్చు, అవి ముందుముందు బయటపడొచ్చు, ఆ హామీ తాను ఇవ్వలేదు. ఇంతా చెప్పి సాళ్ల వెంట మరోసారి నడిచి, దూరం నుంచి అడిగింది: "ప్రతి సాలుకీ మొదటి తీగలకే ఉందేంటమ్మా? చివరికి వెళ్లేకొద్దీ లేదు."

మొగులమ్మ అప్పుడు సాలు మొదట్లో నిలబడి ఉంది. సరిగ్గా అక్కడే ఏటా ఒక్కో మనిషి కత్తెర పట్టుకుని నిలబడతాడు. ఆ కత్తెర అక్కడికి ఎక్కడినుంచి వస్తుందో గుర్తుకు వచ్చి, ఆమె కడీని పట్టుకుంది.

ఆ ఊళ్లో ద్రాక్షకు కూలి మనుషులను పెట్టరు. బదులు చేసుకుంటారు. తోటలున్న ఇండ్లవాళ్లందరూ కలిసి ఈ పూట నీ తోట, రేపు నా తోట అని కత్తిరించుకుంటూ పోతారు. తిండి తోటవాళ్లది. ఆ జట్టుకు పెద్ద యాదన్న, మొగులమ్మ పెద్దనాయన కొడుకు. దసరా నాడు జమ్మి పంచుకున్నాక అందరూ యాదన్న వాకిట్లో చేరతారు. ఇత్తడి గంగాళంలో పసుపు నీళ్లు పోసి, అందరి కత్తెరలూ అందులో వేసి, బొట్టు పెట్టి, పూజ చేస్తారు. రాత్రంతా అవి ఆ నీళ్లలోనే కలిసి పడుకుంటాయి. తెల్లారి ఎవరిది వాళ్లు తీసుకుంటారు. తుడవరు. తుడిస్తే లక్ష్మిని తుడిచేసినట్టని పట్టింపు. తడి ఆరకముందే పోయి సాలు మొదటి తీగ మీద కత్తెర వేయాలి.

రెండేండ్ల కింద జట్టు కొల్లూరు దాకా పోయి బదులు చేసి వచ్చింది. అక్కడి తోటలో కొమ్మలకు గడ్డలున్నాయని ఎవరో అన్నారు కూడా. గడ్డలుంటే ఉన్నాయిలే అనుకున్నారు. ఆ కత్తెరలు కూడా దసరాకు అదే గంగాళంలో పడ్డాయి.

మొగులమ్మ ఇదంతా చెప్పాక నాగేశ్వరి, కత్తెరలను తీగ తీగకూ స్పిరిటులో ముంచాలంది.

"స్పిరిటిస్తే అది కత్తెర దాక రాదు బిడ్డా" అన్నాడు మల్లయ్య. "నడుమ శాన గొంతులున్నయ్."

"అయితే మసిలే నీళ్లు. మనిషికి రెండు కత్తెరలు. ఒకటి కోస్తుంటే ఒకటి నీళ్లలో ఉడకాలి. తీగ మారినప్పుడల్లా కత్తెర మారాలి."

పీకడం మరునాడే మొదలైంది. గడ్డపార మొగులమ్మ పట్టింది. మల్లయ్య పొద్దటి పూట గేటుకు పోయి, సాయంత్రం వచ్చి వేర్లు లాగాడు. పెట్టిన చేతులే పీకుతుంటే తీగలు సులభంగా రాలేదు. సాళ్ల మొదళ్లన్నీ పండ్లూడిన చిగుళ్లలా బోసిపోయాయి. పీకినవి కాలువ ఒడ్డున కుప్ప పోసి అంటించారు. పచ్చి తీగ గనుక మంట కంటె పొగ ఎక్కువ. మొగులమ్మ కండ్లు పొగకు మండుతున్నాయని మల్లయ్య అనుకున్నాడు. ఆమె అనుకోనిచ్చింది.

ఆ పొగ చూసే కామేశ్వరరావు వచ్చాడు. గోడ చుట్టూ తిరిగి, చెప్పులకు బురద అంటకుండా గట్టు మీద నుంచే నడిచి వచ్చాడు. మంచి మనిషే. మాట మెత్తన. తోటకు రోగం వచ్చిందని విన్నానన్నాడు, బాధగా ఉందన్నాడు. రోగం తోటని రేపు ఎవరూ తీసుకోరు, తాను మాత్రం పాత మాటకే తీసుకుంటానన్నాడు.

"మల్లయ్యని పర్మనెంటు చేస్తాను. దసరా వెళ్లాక మాటిచ్చినట్టే చేస్తాను. కాదంటే, కొత్తవాణ్ణి పెట్టుకోమని మా వాళ్లు గోల పెడుతున్నారమ్మా."

మొగులమ్మ చేతిలోని గడ్డపార నేల మీద ఆనించింది.

"ఈ పురుగు ఏడ సొరవడ్తదో ఎరుకేనా సారూ? కోసిన కాడ."

కామేశ్వరరావుకు అర్థం కాలేదు.

"ముందుగాల భూమిని జెర కోస్తరు. సొచ్చినంక ఊరంత వాళ్లకు గావాల్సిందే వండి పెడ్తది. ఊరికేమో కంతి మిగుల్తది. కొయ్యాల్సింది ఉంటే నా కత్తెరతోని నేనే కోస్త. ఇంకొకల్లను కొయ్యనియ్య."

అతను మల్లయ్య వైపు చూశాడు. మల్లయ్య మంటలోకి చూస్తున్నాడు. అతను వెళ్లిపోయాక మల్లయ్య, నౌకరి పోతుందని నెమ్మదిగా అన్నాడు. ఈ వయసులో ఇంకో గేటు తనకు ఎవరు చూపిస్తారన్నాడు. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నాడు.

"నువ్వు కావలి కాసే జాగ ఎవరిది?" అని అడిగింది మొగులమ్మ.

అది ఆమె చిన్నాయన చెలక. అక్కడ మల్లయ్య ఎన్నో ఏండ్లు నాగలి తోలాడు. ఇప్పుడు అక్కడ బండ్ల నంబర్లు చూస్తున్నాడు. లేచి, మంటలోకి ఇంకో తీగ తోశాడు.

దసరా వచ్చింది. ఊరి బయట జమ్మి తెంపుకుని, ఒకరి చేతిలో ఒకరు బంగారమని పెట్టుకుని, అలాయిబలాయి అని కౌగిలించుకుని, చీకటి పడకముందే జట్టంతా యాదన్న వాకిట్లో చేరింది. గంగాళం తోమి తోమి చంద్రుడి లాగా మెరుస్తోంది. యాదన్న తల్లి ముత్తెమ్మ పసుపు కలిపింది. కత్తెరలు ఒక్కొక్కటే నీళ్లలోకి జారుతున్నాయి. మొగులమ్మ వంతు వచ్చింది. ఆమె కత్తెర కొంగులోనే ఉంది.

"ఏంది చెల్లె, ఏస్తలేవు?" అన్నాడు యాదన్న.

"ఎయ్య."

ఎవరో నవ్వారు, ఎగతాళికి అంటోందేమోనని. ఆమె ఎగతాళి చేసే మనిషి కాదని గుర్తొచ్చి ఆపేశారు.

"ఈ నీళ్లల్ల రోగమున్నదన్నా. నా సాళ్ల మొదట్ల చూసిన. నీ సాళ్ల మొదట్ల నువ్వు చూస్కో."

వాకిలి మొత్తం ఆమె వైపు తిరిగింది. యాదన్న మొహం ముందు ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. ఆ గంగాళం వాళ్ల తాత పటాన్‌చెరు అంగట్లో కొని నెత్తిన మోసుకొచ్చినది. ఆ నీళ్లు తగిలిన తీగ కాయకుండా పోయిన ఏడు లేదన్నాడు. పట్నపు పిల్ల నాలుగు మాటలు చెబితే ఇంటి దేవత రోగమైపోయిందా అన్నాడు.

"మా కత్తెరలు అంటు కత్తెరలా? గదే కదా నువ్వనేది?"

"నాది గూడ అంటు కత్తెరనే. అందుకే ఎయ్యనంటున్న."

ముత్తెమ్మ పసుపు చేతులతో లేచి నిలబడింది. "తోట ఆ పీపాలాయినకు అమ్ముకునేదైతే అమ్ముకో బిడ్డా. ఎవరొద్దన్నరు? నడుమల అమ్మవారి మీద ఎందుకు పెడ్తవ్?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మొగులమ్మ చెయ్యి కొంగులో కత్తెరను గట్టిగా పట్టుకుంది. అంతకుముందు ఎవరి ముందరా అంత పొడుగు మాట ఆమె మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా మాట్లాడలేదు.

"అమ్మవారు సల్లనీళ్లల్లనే ఉంటదా పెద్దమ్మా, మసిలే నీళ్లల్ల ఉండదా? రేపు ముందుగాల నా తోట వంతు. పొద్దుపొడువంగనే పొయ్యి మీద నీళ్లు మసులుతయి. వచ్చినోళ్లు రెండు కత్తెరలు తెచ్చుకోవాలె. మసిలిన నీళ్లల్ల ముంచినోడే నా తీగ ముట్టాలె. రాకుంటే నేనొక్కదాన్నే కోస్త. కాయకుంటే ఎండిన పందిరి కింద కూసుంట. తోటైతే అమ్మ."

"అట్లయితే ఒక్కదానివే కోసుకో" అన్నాడు యాదన్న. "మా ఒక్క మనిషి నీ గట్టెక్కడు."

ఆమె వంగి, యాదన్న చేతిలో జమ్మి ఆకు పెట్టింది. పండుగ పండుగే. తర్వాత ఇంటికి నడిచింది.

తెల్లవారుజామున ఆమె రొట్టెలు కొడుతున్న చప్పుడుకు మల్లయ్యకు మెలకువ వచ్చింది. గంపలో జొన్నరొట్టెల దొంతర మోకాలెత్తు లేచింది. జట్టు మొత్తానికి సరిపోయేన్ని.

"ఎవరు తింటరు ఇవన్ని?"

"తినెటోల్లు తింటరు."

తోటలో ఆమె మూడు రాళ్లు పెట్టి, ఇంట్లోని సిల్వర్ గంజు ఎక్కించింది. కట్టెలు రాత్రి మంచుకు తడిసి ఉన్నాయి. మల్లయ్య ఖాకీ అంగీ తొడుక్కుని డ్యూటీకి పోతూ గట్టు మీద ఆగాడు. ఆమె ఊదుతోంది, పొగ వస్తోంది, మంట రావడం లేదు. షెడ్డు సైరన్ కూత కూసింది. అది కూయడం ఆగేదాకా అతను నిలబడే ఉన్నాడు. ఆగాక అంగీ విప్పి, మడిచి, కడీ మీద పెట్టి, వచ్చి పొయ్యి ముందు కూచున్నాడు. ఎండు కొబ్బరి పీచు నడుములోంచి తీశాడు. అది ఇంటి దగ్గరే దోపుకుని బయలుదేరాడన్న మాట. మొగులమ్మ ఆ పీచు వైపు చూసింది, అతని వైపు చూడలేదు.

మొదటి బస్సుకు నాగేశ్వరి వచ్చింది. ఆమెకు కత్తిరించడం రాదు, గంజు దగ్గర కూచుంది. మొగులమ్మ, మల్లయ్య చెరో సాలు పట్టారు. తీగ అయిపోగానే కత్తెర నీళ్లలో పడేయడం, ఉడికినదాన్ని నాగేశ్వరి పట్టకారుతో తీసి ఇవ్వడం, వేడికి చెయ్యి కాలితే గుడ్డ చుట్టుకోవడం. పని నత్తనడక నడిచింది. చిన్న గంజులో నీళ్లు ఊరికే ఇగిరిపోతున్నాయి. పోసినప్పుడల్లా చల్లబడి, మళ్లీ మసిలేదాకా ఆగాలి. ఎండ నెత్తిమీదికి ఎక్కేసరికి చెరో సాలు కూడా దాటలేదు. నాలుగెకరాలు ఇట్లా కోస్తే సంక్రాంతి వస్తుందని ఎవరూ అనలేదు. ముగ్గురికీ తెలుసు. కత్తిరింపు అదను తప్పితే ఈ ఏటికి పండు లేదు, పండు లేకపోతే గోడ ఆవలి మనిషి మళ్లీ గట్టెక్కి వస్తాడు.

నాగేశ్వరి ఒకసారి మెల్లగా, కొన్ని తీగలకు ముంచకుండా కోస్తే పని జరుగుతుందేమో, కంతులు లేని చివరి సాళ్లకైనా, అని సణిగింది. మొగులమ్మ కత్తెర చాచింది, మార్చి ఇమ్మన్నట్టు. నాగేశ్వరి మార్చి ఇచ్చింది.

అప్పుడు గట్టు మీద చప్పుడైంది. ఇత్తడి చప్పుడు.

యాదన్న వస్తున్నాడు. నెత్తి మీద గంగాళం బోర్లించుకున్నాడు. దగ్గరికి వచ్చి దించాక చూస్తే జుట్టు నిండా బెరడు పొట్టు, మెడ మీద సాలెపురుగు దారాలు. పొద్దటినుంచి తన పందిరి కిందే తల పైకెత్తి తిరిగిన మనిషి. అతని వెనక జట్టు వచ్చింది. అందరూ కాదు; ముగ్గురు రాలేదు. వచ్చినవాళ్లు ఎవరూ మొగులమ్మ మొహం చూడలేదు, కడీల వైపు, కొమ్మల వైపు చూశారు.

"ఆ చెంచెడు గంజుల ఎన్ని ముంచుతవ్" అన్నాడు యాదన్న. మల్లయ్యతో అన్నాడు, ఆమెతో కాదు. "రాళ్లు జరుపు బావా."

మల్లయ్య రాళ్లు దూరం జరిపాడు. గంగాళం పొయ్యి మీదికి ఎక్కింది. తాతనాటి ఇత్తడి మీద మొదటిసారి మసి పట్టింది. యాదన్న ఆ మసి పాకడం రెప్ప వేయకుండా చూశాడు. బావిలోంచి నీళ్లు తోడి పోశారు. ముత్తెమ్మ కూడా వచ్చింది, ముసలి కాళ్లతో అందరికంటె వెనక. కొంగు ముడి విప్పి, చిటికెడు పసుపు తీసి నీళ్లలో వేసింది. వేస్తూ మొగులమ్మ వైపు చూసింది, ఇదన్నా వద్దంటావా అన్నట్టు. మొగులమ్మ వద్దనలేదు.

నీళ్లు మసిలాయి. యాదన్న నడుములోంచి రెండు కత్తెరలు తీసి వేశాడు. ఒక్కొక్కరే వేశారు. ఇత్తడి అడుగున ఇనుము టకటకమని కొట్టుకోసాగింది.

సాళ్లు ముందుకు సాగాయి. పీకేసిన చోట్ల ఎండ నేల దాకా దిగి ఉంది. యాదన్న తన సాలులో ఒక కొమ్మ దగ్గర ఆగి, చిన్న కంతిని కనిపెట్టి, దానికి మూరెడు కిందుగా కోసి మంటలో వేశాడు. అతని తోటలో ఇటువంటివి ఎన్ని ఉన్నాయో ఎవరూ అడగలేదు. మూడో నాడు అతని వంతు.

పొద్దు వాలుతుండగా పందిరి కింద వరసగా కూచున్నారు. మొగులమ్మ గంప దించింది. ఒక్కొక్కరి చేతిలో రెండేసి రొట్టెలు, మీద పండుమిరప తొక్కు, ఉల్లిగడ్డ. పచ్చిపులుసు కుండ చేతులు మారింది. నాగేశ్వరి మల్లయ్య పక్కన కూచుని, తొక్కు కారానికి కండ్లు తుడుచుకుంటూ కూడా ఆపకుండా తిన్నది. గోడ ఆవల సాయంత్రం కూత కూసింది. మల్లయ్య తలెత్తి కడీ మీది ఖాకీ అంగీ వైపు చూసి, మళ్లీ రొట్టె తుంచుకున్నాడు. యాదన్న తన రొట్టె అయిపోయాక చెయ్యి చాచాడు. మొగులమ్మ ఇంకొకటి పెట్టింది. పొయ్యి మీద గంగాళం ఒక్కటే చప్పుడు చేస్తూ ఉంది.